సివిల్ దావా: తెలుసుకోవలసిన పదాలు, తొలి అడుగులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సివిల్ కోర్టుల్లో దావా వేయదలచినవారికీ, తమ మీద దావా పడి సమన్లు అందుకున్నవారికీ మొదటి కొన్ని నెలల్లో కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలు క్రిమినల్ చట్టాలనూ సాక్ష్య చట్టాన్నీ మార్చాయి గానీ, సివిల్ దావాలు మాత్రం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే, కాలానుగుణంగా వచ్చిన సవరణలతో నడుస్తున్నాయి. దావా బలాబలాలు చాలావరకు తొలి కాగితాల్లోనే ఖాయమైపోతాయి కాబట్టి, సాక్ష్యం, వాదనలు, తీర్పు వంటి తర్వాతి దశల కంటే దాఖలు, సమన్లు, జవాబు అనే అంశాల గురించే ఇక్కడ ఎక్కువగా వివరించాం.

సివిల్ దావాకూ పోలీసు కేసుకూ తేడా ఏమిటి?

ఆస్తి, అప్పు, ఒప్పందం, వారసత్వం, అద్దె వంటి విషయాల్లో ఒకరి హక్కును మరొకరు కాదన్నప్పుడు, ఆ హక్కును తేల్చి తగిన ఉపశమనం ఇమ్మని కోర్టును కోరడమే సివిల్ దావా. ఇందులో ఎవరికీ శిక్ష పడదు. డబ్బు చెల్లించమనో, స్వాధీనం అప్పగించమనో, ఫలానా పని చేయవద్దనో కోర్టు ఆదేశిస్తుంది. ఒకే సంఘటనలో రెండు కోణాలూ ఉండవచ్చు. ఉదాహరణకు దొంగ సంతకంతో విక్రయ దస్తావేజు సృష్టిస్తే అది నేరమే, దానిపై పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించి మీ హక్కును నిలబెట్టవలసింది సివిల్ కోర్టు. హద్దు తగాదాను, అప్పు వసూలును స్టేషన్‌లో తేల్చుకోవాలని నెలల తరబడి తిరిగేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఆ అధికారం పోలీసులకు లేదు.

కోర్టు కాగితాల్లో తరచుగా కనిపించే మాటలకు అర్థం ఏమిటి?

దావా వేసినవారు వాది, ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. వాది తన కథనాన్నీ కోరికలనూ రాసి దాఖలు చేసేది ప్లెయింటు. దానికి ప్రతివాది ఇచ్చే సమాధానాన్ని రిటన్ స్టేట్‌మెంట్ అనీ, వాడుకలో జవాబు దావా అనీ అంటారు. న్యాయవాదికి మీ తరఫున హాజరయ్యే అధికారం ఇచ్చే పత్రం వకాలత్. దావా నంబరు ఓ.ఎస్. అనే అక్షరాలతో మొదలవుతుంది. అది నడుస్తుండగా మధ్యలో వేసే దరఖాస్తులకు ఐ.ఏ. అనీ, డిక్రీని అమలు చేయించుకునే పిటిషనుకు ఈ.పీ. అనీ నంబర్లు ఇస్తారు. జడ్జిమెంటు అంటే కారణాలతో కూడిన తీర్పు, డిక్రీ అంటే ఆ తీర్పు ప్రకారం ఎవరికి ఏమి దక్కుతుందో నిర్దిష్టంగా చెప్పే పత్రం.

వీటన్నిటికంటే జాగ్రత్తగా అర్థం చేసుకోవలసింది వ్యాజ్య కారణం. మీకు కోర్టుకు వెళ్లే హక్కు ఎప్పుడు, ఎక్కడ, ఏ సంఘటనల వల్ల పుట్టిందో అదే వ్యాజ్య కారణం. ఏ కోర్టుకు వెళ్లాలి, గడువు ఎప్పటి నుంచి లెక్కించాలి అనే ప్రశ్నలకు చాలావరకు దీని నుంచే జవాబు వస్తుంది.

దావా ఏ కోర్టులో వేయాలి?

భూమి, ఇల్లు, స్థలం వంటి స్థిరాస్తికి సంబంధించిన దావాను ఆ ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వేయాలి. మీరు హైదరాబాదులో ఉంటున్నా, పొలం తెనాలి దగ్గర ఉంటే దావా అక్కడి కోర్టు పరిధిలోకే వెళ్తుంది. డబ్బు వసూలు, ఒప్పంద ఉల్లంఘన వంటి దావాలను ప్రతివాది నివసించే లేదా వ్యాపారం చేసే చోట గానీ, వ్యాజ్య కారణం పూర్తిగానో కొంతభాగమో పుట్టిన చోట గానీ వేయవచ్చు.

ప్రాంతం తేలాక విలువ చూడాలి. జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి అనే క్రమంలో ఒక్కో కోర్టు ఎంత విలువ గల దావాను విచారించవచ్చో రాష్ట్ర చట్టాలు నిర్ణయిస్తాయి, ఆ పరిమితులను అప్పుడప్పుడు సవరిస్తుంటాయి. అర్హత ఉన్న కోర్టుల్లో కింది స్థాయి కోర్టులోనే దావా వేయాలని కోడ్‌లోని 15వ సెక్షన్ చెబుతుంది. పరిధి లేని కోర్టులో వేస్తే, సరైన కోర్టులో దాఖలు చేసుకొమ్మని ప్లెయింటును తిరిగి ఇచ్చేస్తారు.

ముందుగా లాయరు నోటీసు ఇవ్వడం తప్పనిసరా?

సాధారణ దావాలకు తప్పనిసరి కాదు. అయినా ఇవ్వడమే మంచిదని మా అభిప్రాయం, ఎందుకంటే అవతలివారు ఇచ్చే జవాబులో వారి వాదన ఏమిటో ముందే తెలుస్తుంది, ఒక్కోసారి విషయం అక్కడే తెగిపోతుంది. కొన్ని సందర్భాల్లో మాత్రం ముందస్తు చర్య తప్పదు. ప్రభుత్వం మీద గానీ, అధికార హోదాలో చేసిన పనికి ప్రభుత్వాధికారి మీద గానీ దావా వేయాలంటే 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి 2 నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయవచ్చు. వాణిజ్య వివాదం విలువ 3 లక్షల రూపాయలు లేదా అంతకు మించి ఉండి, తక్షణ ఉత్తర్వుల అవసరం లేకపోతే, 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఆ మెట్టు దాటకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

నోటీసు అందుకున్నవారు జవాబు ఇవ్వకపోవడమంటే ఒప్పుకున్నట్టే అని చట్టం అనదు గానీ, నోటీసుకు మౌనంగా ఉండి విచారణలో కొత్త కథ చెబితే కోర్టు దాన్ని సందేహంతో చూస్తుంది.

కాలపరిమితిని ఎలా లెక్కించాలి?

న్యాయమైన హక్కు ఉండి కూడా జనం నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఒక్కో రకం దావాకు ఒక్కో గడువు పెట్టింది. ప్రోనోటు మీద డబ్బు వసూలుకు 3 సంవత్సరాలు. విక్రయ ఒప్పందాన్ని అమలు చేయించే దావాకు, ఒప్పందంలో రాసుకున్న తేదీ నుంచి 3 సంవత్సరాలు. తేదీ రాసుకోకపోతే అవతలివారు రిజిస్ట్రేషన్ చేయబోమన్న సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 3 సంవత్సరాలు. హక్కు ఆధారంగా స్థిరాస్తి స్వాధీనం కోరడానికి, ప్రతివాది స్వాధీనం మీ హక్కుకు వ్యతిరేకంగా మారిన నాటి నుంచి 12 సంవత్సరాలు. చట్టప్రకారం కాక బలవంతంగా ఖాళీ చేయించినప్పుడు, హక్కు జోలికి పోకుండా పాత స్వాధీనాన్ని తిరిగి పొందే ప్రత్యేక దావాకు గడువు 6 నెలలే.

ఒక ఉదాహరణ చూద్దాం. అడిగిన వెంటనే చెల్లిస్తానని 2022 మే 20న ప్రోనోటు రాశారనుకోండి. గడువు ఆ నోటు తేదీ నుంచే లెక్క. మీరు డబ్బు అడిగిన రోజు నుంచి కాదు. కాబట్టి చివరి రోజు 2025 మే 20. ఆ రోజు కోర్టుకు వేసవి సెలవులుంటే, తిరిగి తెరిచిన రోజునే దాఖలు చేసినా చెల్లుతుంది. ఈలోగా 2024 మార్చి 5న అప్పు తీసుకున్న వ్యక్తి 5,000 రూపాయలు కట్టి, నోటు వెనుక ఆ చెల్లు స్వయంగా రాసి గానీ, వేరొకరు రాసిన దాని కింద సంతకం చేసి గానీ ఉంటే, ఆ రోజు నుంచి మళ్లీ 3 సంవత్సరాలు లభిస్తాయి. అదే 5,000 చేతికి ఇచ్చి ఏమీ రాయకుండా వెళ్లిపోతే, లేదా అప్పు ఇచ్చిన వ్యక్తే నోటు వెనుక జమ రాసుకుంటే, గడువు పెరగదు. చెల్లు అయినా, బాకీ ఒప్పుకుంటూ ఇచ్చిన రాత అయినా గడువు ముగియక ముందే జరగాలి.

పెద్దమనుషుల పంచాయతీలో గడిచిన రోజులను కాలపరిమితి నుంచి మినహాయించరు. ‘పంటలు రానీ, పండగ వెళ్లనీ’ అన్న వాయిదాలనూ మినహాయించరు. దావా ఆలస్యమైందని, తగిన కారణం ఉందని మన్నింపు కోరే వీలు అప్పీళ్లకూ కొన్ని దరఖాస్తులకూ ఉంది గానీ, అసలు దావాకు లేదు. ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టే కొట్టివేయాలి. రాజీ మాటలు నడుస్తున్నా సరే, గడువు తేదీని కాగితం మీద రాసి పెట్టుకొని ఆ లోపే దావా వేయడం, ఆ తర్వాత మాటలు కొనసాగించడం క్షేమం.

ప్లెయింటులో ఏమేమి ఉండాలి?

కోర్టు పేరు, ఇరుపక్షాల పూర్తి చిరునామాలు, సంఘటనల వరుస, వ్యాజ్య కారణం, కోర్టు పరిధి ఎలా వస్తుందో, దావా విలువ, కోర్టు ఫీజు లెక్క, చివరగా కోరికలు ఉండాలి. మీరు ఆధారపడే పత్రాలను జాబితాతో సహా దాఖలు చేయాలి. అప్పుడు పెట్టని పత్రాన్ని తర్వాత సాక్ష్యంగా తేవాలంటే కోర్టు అనుమతి అవసరం.

స్థిరాస్తి దావాలో ప్రాణమంతా షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాల పట్టికలో ఉంటుంది. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు దస్తావేజులో ఉన్నట్టుగానే రాసి, ఈనాటి వాస్తవ స్థితితో పోల్చి చూసుకోవాలి. ఉదాహరణకు 1985 నాటి దస్తావేజులో పడమర ‘ఫలానావారి మెట్ట’ అని ఉండి, ఇప్పుడు అక్కడ సిమెంటు రోడ్డు పడి ఉంటే, రెండింటినీ కలుపుతూ వివరణ ఇవ్వాలి. లేకపోతే దావా గెలిచాక కూడా, అమలు కోసం వెళ్లిన అమీనాకు (కోర్టు ఉద్యోగికి) డిక్రీలోని స్థలం నేల మీద కనిపించదు. పాస్‌బుక్కు, అడంగల్, పహాణీ స్వాధీనానికి ఉపకరించే ఆధారాలే గానీ, వాటంతటవే యాజమాన్య హక్కును నిరూపించవు; రిజిస్టరు దస్తావేజుల వరుస, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా సిద్ధం చేసుకోవాలి.

ఒకే వ్యాజ్య కారణం మీద కోరగలిగినవన్నీ ఒకే దావాలో కోరాలి. ఈరోజు అసలు మాత్రమే అడిగి వడ్డీకి రేపు వేరే దావా వేస్తానంటే కుదరదు. అలాగే సంబంధిత వ్యక్తులందరినీ కక్షిదారులుగా చేర్చాలి. పాలు పంపకాల దావాలో పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లను వదిలేసేవారు ఇంకా ఉన్నారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. వాటాదారును చేర్చకుండా నడిపిన పంపకాల దావా ఎన్నేళ్లు సాగినా నిలవడం కష్టం.

ప్లెయింటు ఇంగ్లీషులో తయారైతే, అందులో ఏముందో తెలుగులో వివరంగా చెప్పించుకున్నాకే సంతకం చేయండి. ‘ఇందులోని విషయాలు నాకు తెలిసినంతవరకు నిజం’ అని ధ్రువీకరించేది, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రతి వాక్యానికీ జవాబు చెప్పవలసిందీ మీరే, మీ న్యాయవాది కాదు.

కోర్టు ఫీజు ఎంత అవుతుంది? కట్టలేనివారు ఏం చేయాలి?

1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం దావా రకాన్ని, విలువను బట్టి ఫీజు ఉంటుంది. డబ్బు దావాలో కోరిన మొత్తం మీద లెక్కిస్తారు. పంపకాల దావాలో మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామంటే నిర్ణీత ఫీజు, స్వాధీనం నుంచి వెళ్లగొట్టారంటే మీ వాటా విలువను బట్టి ఫీజు పడుతుంది.

కట్టే స్తోమత లేనివారు ఫీజు లేకుండా దావా నడుపుకొనేందుకు కోడ్‌లోని 33వ ఆర్డరు కింద అనుమతి కోరవచ్చు. న్యాయవాదిని పెట్టుకోలేనివారికి 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం అండగా ఉంది: స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ హక్కు తమకుందని తెలియక నగలు తాకట్టు పెట్టి దావా నడిపే మహిళలు ఉండకూడదని మా ఆకాంక్ష.

దాఖలు చేశాం, ఇంకా నంబరు రాలేదు. ఎందుకు?

కోర్టు కార్యాలయం ముందు ప్లెయింటును పరిశీలిస్తుంది. ఫీజు తక్కువైనా, పత్రాల నకళ్లు చాలకపోయినా, పరిధి వివరణ లేకపోయినా అభ్యంతరాలు రాసి తిరిగి ఇస్తుంది. వాటిని నిర్ణీత గడువులోగా సరిచేసి మళ్లీ దాఖలు చేయాలి. ఆ తర్వాతే ఓ.ఎస్. నంబరు పడుతుంది. తిరిగి వచ్చిన ప్లెయింటు నెలల తరబడి న్యాయవాది ఆఫీసులోనే ఉండిపోయిన సందర్భాలు లేకపోలేదు కాబట్టి, నంబరు పడిందో లేదో మీరే కనుక్కుంటూ ఉండాలి.

అవతలివారు స్థలంలో గోడ కడుతున్నారు. వెంటనే ఆపించగలమా?

దావాతో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ ఐ.ఏ. వేయాలి. జనం సాధారణంగా ‘స్టే’ అని పిలిచేది దీన్నే. కోర్టు మూడు విషయాలు చూస్తుంది: పైచూపుకు మీ వైపు కేసు ఉందా, ఉత్తర్వు ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ కష్టం, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. మామూలుగా ప్రతివాదికి నోటీసు ఇచ్చి విన్నాకే ఉత్తర్వు ఇస్తారు. ఆలస్యమైతే ప్రయోజనమే దెబ్బతింటుందని తోస్తే, కారణాలు నమోదు చేసి నోటీసు లేకుండానే ఇవ్వవచ్చు. అప్పుడు వాది వెంటనే దరఖాస్తు, అఫిడవిట్, ప్లెయింటు, పత్రాల నకళ్లను ప్రతివాదికి పంపి, పంపినట్టు అఫిడవిట్ దాఖలు చేయాలి. ఆ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చేందుకు కోర్టు ప్రయత్నించాలని కోడ్ చెబుతుంది. ఉత్తర్వును ధిక్కరిస్తే ఆస్తి జప్తు చేయవచ్చు, 3 నెలల వరకు సివిల్ జైలుకు పంపవచ్చు.

ఒక్క ఇంజంక్షన్ దావాతో సరిపెట్టుకోవచ్చా అన్నది ముందే ఆలోచించాలి. మీ హక్కు మీద గట్టి వివాదం లేకుండా, స్వాధీనంలో మీరే ఉంటే ఇంజంక్షన్ చాలు. హక్కు మీదే నీడ పడితే హక్కు ప్రకటన కూడా కోరాలి. స్వాధీనం పోయి ఉంటే స్వాధీనం కూడా కోరాలి. సుప్రీంకోర్టు 2008లో, తెలుగు నేల నుంచే వెళ్లిన ఒక స్థల వివాదంలో ఈ తేడాలను వివరించింది. ఖర్చు తగ్గుతుందని ఇంజంక్షన్ మాత్రమే అడిగి, కొన్నేళ్ల తర్వాత ‘హక్కు ప్రకటన అడగలేదు’ అన్న కారణంతో ఓడిపోవడం చాలా బాధాకరం.

స్థలం ప్రస్తుత స్థితి నమోదు కావాలంటే అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని కోరవచ్చు. ఆయన సర్వేయరు సాయంతో కొలిచి, కళ్లతో చూసింది నివేదిస్తారు. స్వాధీనం ఎవరిదో తేల్చడం ఆయన పని కాదు.

నా మీద దావా పడింది, సమన్లు వచ్చాయి. మొదట ఏం చేయాలి?

తీసుకోండి. తీసుకోకపోతే దావా ఆగిపోతుందన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది, అది పూర్తిగా తప్పు. మీరు నిరాకరిస్తే ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందజేసే కోర్టు ఉద్యోగి) ఇంటి తలుపుకు సమన్లు అంటించి నివేదిక ఇవ్వవచ్చు. పోస్టు కవరు మీద ‘నిరాకరించారు’ అన్న రాత ఉంటే సమన్లు అందినట్టే కోర్టు భావించవచ్చు. మీరు దొరకకుండా తిరుగుతుంటే పత్రికా ప్రకటన ద్వారా కూడా అందజేస్తారు. ఇంట్లో ఉన్న వయోజన కుటుంబ సభ్యుడు తీసుకున్నా చెల్లుతుంది, పనివారు తీసుకుంటే చెల్లదు.

అందిన తేదీని ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి, ఎందుకంటే గడువులన్నీ ఆ రోజు నుంచే మొదలవుతాయి. దానితో పాటు ప్లెయింటు నకలు ఉందో లేదో చూడండి. వాయిదా తేదీ, కోర్టు పేరు, దావా నంబరు గుర్తించి, పాత కాగితాలన్నీ తీసుకొని ఆ వారంలోనే న్యాయవాదిని కలవండి. ఎవరైనా తన దావాను తానే వాదించుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అయితే ఆస్తి దావాల్లో అది సాహసమే.

వాదులకు కూడా ఇక్కడ ఒక బాధ్యత ఉంది. సమన్లకు బ్యాటా (వాటిని పంపేందుకు అయ్యే రుసుము) సకాలంలో కట్టాలి, సరైన చిరునామా ఇవ్వాలి. ఏడాది గడిచినా సమన్లే అందలేదన్న దావాల్లో తప్పు తరచుగా వాది వైపే ఉంటుంది.

జవాబు దావాకు ఎంత గడువు ఉంది? అందులో ఏం రాయాలి?

సమన్లు అందిన 30 రోజుల్లోగా దాఖలు చేయాలి. కారణాలు చూపితే కోర్టు ఆ గడువును సమన్లు అందిన నాటి నుంచి మొత్తం 90 రోజుల వరకు పొడిగించవచ్చు. సాధారణ దావాల్లో, అరుదైన పరిస్థితుల్లో ఆ తర్వాత కూడా అనుమతించే విచక్షణ కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది, దానిపై భరోసా పెట్టుకోవడం మాత్రం మంచిది కాదు. వాణిజ్య దావాల్లో 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది.

‘ప్లెయింటులోనివన్నీ అబద్ధాలు’ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే చాలదు. పేరా పేరాకూ, అంశం అంశానికీ నిర్దిష్టంగా కాదనాలి. కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టుగా కోర్టు తీసుకోవచ్చు. వాది మీకే బాకీ ఉన్నా, మీకూ ఆయన మీద కోరిక ఉన్నా, కోర్టు ఫీజు కట్టి అదే దావాలో కౌంటర్ క్లెయిమ్ వేయవచ్చు.

వాయిదాకు వెళ్లలేదు, ఎక్స్‌పార్టీ (ప్రతివాది లేకుండానే విచారణ) చేశారు. ఇక అంతేనా?

కాదు. డిక్రీ ఇంకా రాకపోతే, తగిన కారణం చూపి ఆ ఉత్తర్వును తొలగించుకొని జవాబు వేయవచ్చు. డిక్రీ వచ్చాక అయితే, డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లోగా, సమన్లు సక్రమంగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి 30 రోజుల్లోగా దరఖాస్తు వేయాలి. ఆలస్యాన్ని మన్నించమనీ కోరవచ్చు, కాకపోతే ప్రతి రోజుకూ నమ్మదగిన కారణం కావాలి. వాది రాకపోవడం వల్ల దావా కొట్టివేతకు గురైనా, పునరుద్ధరణకు 30 రోజుల గడువే ఉంది.

కేవియట్ అంటే ఏమిటి?

మీ మీద ఎవరైనా దావా వేసి, మీకు తెలియకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే, నన్ను వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కోర్టులో వేసుకొనే పత్రం ఇది. 90 రోజులు అమల్లో ఉంటుంది. ఇది దావాను ఆపదు.

మధ్యలో రాజీ పడవచ్చా?

ఏ దశలోనైనా పడవచ్చు. కోర్టే 89వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో, లోక్ అదాలత్‌కో పంపవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఆ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వుకు (అవార్డుకు) డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అప్పీలు లేదు కాబట్టే, రాజీ షరతుల్లో తేదీలు, మొత్తాలు, హద్దులు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం చేయాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నాను. దావా నడపగలనా?

నమ్మకమైన వ్యక్తికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి నడపవచ్చు. అక్కడి నోటరీ ముందు గానీ, భారత కాన్సులేట్‌లో గానీ సంతకం చేసిన ఆ పత్రం భారతదేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. మీకు మాత్రమే తెలిసిన విషయాల గురించి మీ ఏజెంటు సాక్ష్యం చెప్పలేరు. అందుకు మీరే హాజరు కావాలి, లేదా వీడియో కాన్ఫరెన్సు ద్వారా సాక్ష్యమిచ్చేందుకు కోర్టు అనుమతి కోరాలి. బేరసారాల వాట్సాప్ సందేశాలే ఆధారమైతే ఫోన్ మార్చకుండా భద్రపరచండి, ఎందుకంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద వాటికి సర్టిఫికెట్ జత చేయాలి.

జవాబు దాఖలయ్యాక ఏమవుతుంది? వాయిదా తేదీలు ఎలా తెలుసుకోవాలి?

ఇరుపక్షాల కాగితాలు చదివి, వివాదం ఉన్న అంశాలను కోర్టు వివాదాంశాలుగా రూపొందిస్తుంది. అక్కడితో తొలి దశ ముగుస్తుంది. ఆ తర్వాత సాక్ష్యం ఆ అంశాల మీదే నడుస్తుంది, కాబట్టి మీ ముఖ్యమైన అంశం వాటిలో లేకపోతే వెంటనే చేర్చమని దరఖాస్తు వేయించండి. ప్రతి దావాకూ 16 అక్షరాలు, అంకెలతో కూడిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ, ఫోన్ యాప్‌లో గానీ కొడితే తర్వాతి వాయిదా, ఏ దశలో ఉంది, గత వాయిదాన ఏం జరిగింది అన్నవి కనిపిస్తాయి; నమోదైన ఉత్తర్వులను అక్కడే చదువుకోవచ్చు. అధికారిక నకలు కావాలంటే కోర్టు కాపీయింగ్ విభాగంలో దరఖాస్తు ఇచ్చి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.